291 నంబరు ఫైలు

అమెరికాలోని అయోవాలో అప్పుడు గురువారం సాయంత్రం. హైదరాబాద్ పాతబస్తీలో శుక్రవారం తెల్లవారుజాము, 3 దాటి పది నిమిషాలు. 2024 జూలై 19. చార్మినార్ చుట్టూ షట్టర్లు దించేసి ఉన్నాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ముదురుతోంది. గాలిలో చెమ్మ. రెండు రోజుల కిందటే డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింది, ఇంకో తొమ్మిది రోజుల్లో లాల్‌దర్వాజా బోనాలు. ఆ రెండు జనసముద్రాల మధ్య గల్లీలు కాస్త తెరిపినపడి నిద్రపోతున్నాయి. శంషాబాద్ విమానాశ్రయం దారుల మీద మాత్రం కార్ల లైట్లు ఆగడం లేదు. కొందరు చాంద్రాయణగుట్ట మీదుగా, కొందరు ఆరాంఘర్ మీదుగా వెళ్తున్నారు. డిక్కీల్లో తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, వెనక సీట్లో కళ్లు తుడుచుకునే అమ్మలు. టికెట్లు ఉన్నాయి, పాస్‌పోర్టులు ఉన్నాయి, సీటు నంబర్లూ ఉన్నాయి. సరిగ్గా ఆ సమయానికే భూమికి అటువైపున ఒక జాబితాలోంచి కొన్ని వరసలు మాయమయ్యాయి.

అయోవాలో మైక్రోసాఫ్ట్ అజూర్ డేటా సెంటర్లు ఉన్నాయి. ఆ ప్రాంతాన్ని సెంట్రల్ యూఎస్ అంటారు. అక్కడ నడిచే కంప్యూటర్లు ఒక చోట, వాటి డిస్కులు ఇంకో చోట ఉంటాయి. ఏ కంప్యూటర్‌ని లోపలికి రానివ్వాలో స్టోరేజీ సర్వర్లకి చెప్పేది ఒక అనుమతి జాబితా. పెళ్లింటి గుమ్మం దగ్గర కూర్చున్నవాడి చేతిలో ఉండే పిలుపుల చిట్టా లాంటిది అది. జాబితాను ఎప్పటికప్పుడు యంత్రమే కొత్తగా రాసుకుంటుంది. ఆ సాయంత్రం కూడా రాసింది. కానీ చాలా కంప్యూటర్ల చిరునామాలు అందులోకి రాలేదు. అరకొర జాబితానే సర్వర్లన్నిటికీ వెళ్లిపోయింది.

తలుపులు మూసుకున్నాయి. నిన్నటిదాకా వచ్చిపోయిన చిరునామాలను స్టోరేజీ సర్వర్లు గుర్తుపట్టలేదు. డిస్కు అందక వర్చువల్ మెషీన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. లోపల విండోస్ ఉందా, లైనక్స్ ఉందా అన్న తేడాయే లేదు. డిస్కు లేకపోతే ఎవరైనా ఒకటే. ఇంజినీర్లు కారణం పట్టుకున్నారు. పాత జాబితాను తిరిగి పెట్టడం మొదలుపెట్టారు. అమెరికాలో ఫ్రాంటియర్, అలీజియంట్, సన్ కంట్రీ విమాన సంస్థలు అప్పటికే దెబ్బతిన్నాయి. గంటలు గడిచాయి. మెల్లగా మెషీన్లు ఊపిరి తీసుకోవడం మొదలైంది. గండం గడిచిందనే అనుకున్నారు.

గడవలేదు. రెండోది ఇంకా బయల్దేరలేదు.

హైదరాబాద్‌లో పొద్దున 9 గంటల 39 నిమిషాలు. దేశమంతా ఆఫీసులు తెరుచుకునే వేళ. బ్యాగు కుర్చీకి తగిలించి, కంప్యూటర్ బటన్ నొక్కి, టీ కోసం లేచే వేళ. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో క్రౌడ్‌స్ట్రైక్ ప్రధాన కార్యాలయం ఉంది, అక్కడ అప్పుడు రాత్రి 11 దాటింది. ఆ కంపెనీ తయారుచేసే ఫాల్కన్ అనే కాపలా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలోని బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, విమాన సంస్థల్లో కూర్చుని ఉంటుంది. కొత్త రకం దాడి ఎక్కడ కనబడినా దాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్పే చిన్న ఫైలు అన్ని మెషీన్లకీ వెళ్తుంది. ఎవరూ 'సరే' నొక్కక్కర్లేదు. నిశ్శబ్దంగా వస్తుంది, నిశ్శబ్దంగా పనిలో పడుతుంది. ఆ రోజు వచ్చిన ఫైలు పేరు సి-00000291 అని మొదలవుతుంది.

అది దిగిన విండోస్ మెషీన్లు మరుక్షణం నీలంగా మారాయి.

నీలం తెర. మధ్యలో ఒక ఏడుపు మొహం. మీ పీసీలో సమస్య వచ్చింది, మళ్లీ స్టార్ట్ చేస్తున్నాం అని నాలుగు మాటలు. మెషీన్ ఆగుతుంది, మళ్లీ లేస్తుంది, లేస్తూనే ఆ ఫైలును చదువుతుంది, చదవగానే పడిపోతుంది. మళ్లీ లేస్తుంది. మళ్లీ పడుతుంది. ఎవరైనా ప్లగ్గు పీకేదాకా అదే వరస. సిడ్నీలో సూపర్‌మార్కెట్ కౌంటర్లు, లండన్‌లో స్కై న్యూస్ స్టూడియో, అమెరికాలో కొన్నిచోట్ల 911 ఎమర్జెన్సీ ఫోన్లు, బ్రిటన్‌లో ఊరి డాక్టర్ల దగ్గరుండే రోగుల చిట్టాలు, ఒకదాని వెనక ఒకటి, సముద్రాలు దాటుకుంటూ, పగలైన చోట జనం చూస్తుండగా, రాత్రైన చోట ఎవరూ చూడకుండానే పడిపోయాయి. అది సైబర్ దాడా? యుద్ధమా? గంటసేపు ఎవరి దగ్గరా సమాధానం లేదు.

10 గంటల 40 నిమిషాలు. శంషాబాద్.

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నిండుగా ఉంది. ఏసీ చల్లదనం, ట్రాలీ చక్రాల చప్పుడు, ఫిల్టర్ కాఫీ వాసన. చెక్-ఇన్ క్యూ కదులుతోంది. తర్వాత కదలడం లేదు. ముందున్నవాళ్లు మెడ సాచి చూశారు. వెనకున్నవాళ్లు ట్రాలీ బ్రేకు వదిలి నొక్కారు. కౌంటర్ వెనకాల వేళ్లు కీబోర్డు మీద ఒకే బటన్‌ను మళ్లీ మళ్లీ కొడుతున్నాయి.

"ఏమైంది మేడమ్?"

"సిస్టమ్ స్లోగా ఉంది సార్. ఒక్క నిమిషం."

ఒక్క నిమిషం పది నిమిషాలైంది. పక్క కౌంటర్లోనూ అదే మాట. దాని పక్కనా అదే. ఇండిగో, ఆకాశ, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులను లెక్కపెట్టి సీట్లు ఇచ్చేది నావిటైర్ అనే వ్యవస్థ. అది 10.40 నుంచి ప్రపంచమంతటా నిలిచిపోయిందని బెంగళూరు విమానాశ్రయం ప్రకటించింది. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, హైదరాబాద్... ఒకే గంటలో అన్ని కౌంటర్లకీ నోరు పడిపోయింది. ఇండిగో మైక్రోసాఫ్ట్ అజూర్ పేరు చెప్పింది. అప్పటికి అందరి వేళ్లూ అటే చూపిస్తున్నాయి. అయోవాలో జాబితా చిరిగిన మాట నిజమే కదా. కానీ ఆ జాబితా అప్పటికే అతుక్కుంటోంది. మరి ఈ కొత్త మంట ఎక్కడిది?

ఈలోపు విమానాలు రన్‌వే పక్కన నిలబడే ఉన్నాయి. పైలట్లు ఉన్నారు. ఇంధనం ఉంది. లోపలికి ఎవరిని పంపాలో చెప్పే కాగితం లేదు.

అప్పుడు కౌంటర్ కింద అరల్లోంచి ఖాళీ కార్డుల కట్టలు బయటికొచ్చాయి. వాటితోపాటు బాల్‌పెన్లు. పేరు. ఫ్లైట్ నంబరు. ఎక్కడి నుంచి, ఎక్కడికి. తేదీ. సీటు. ఒక్కొక్కటీ చేత్తో రాయడం మొదలుపెట్టారు. రాసిన సీటు ఇంకొకరికి ఇవ్వకుండా పక్కన జాబితాలో కొట్టేయాలి. రాసేవాళ్లు చాలామంది కుర్రవాళ్లే. ఉద్యోగంలో చేరింది మొదలు ప్రింటర్ 'కిర్రు'మని కక్కిన బోర్డింగ్ పాస్ తప్ప ఇంకోటి ఎరగనివాళ్లు. ముందు వందల మంది. కొందరు అరుస్తున్నారు. కొందరు బతిమాలుతున్నారు. కనెక్షన్ ఫ్లైటు పోతుందని ఒకరు, వీసా గడువని ఒకరు. తిట్లన్నీ పడింది ఆ కౌంటర్ల మీదే, ఆ మధ్యాహ్నం దేశాన్ని కదిలించిందీ ఆ చేతులే. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి అలా దొరికిన ఇండిగో చేతిరాత పాస్ ఫోటో ఫోన్ల నుంచి ఫోన్లకి ఎగిరి సాయంత్రానికి ప్రపంచమంతా తిరిగింది. రాసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా రాలేదు.

రాత ఎంత వేగంగా సాగినా విమానాల లెక్క అంతకంటే వేగంగా పడిపోతోంది. ఇండిగో ఒక్కటే ఆ రోజు దేశంలో, బయటా కలిపి దాదాపు 200 సర్వీసులు రద్దు చేసింది. డబ్బు వెనక్కి తీసుకోవాలన్నా, ఇంకో రోజుకి మార్చుకోవాలన్నా ఆ పనీ తాత్కాలికంగా కుదరదని చెప్పింది. ఎందుకంటే అదీ కంప్యూటర్ చెయ్యాల్సిందే. పౌర విమానయాన మంత్రి మన సిక్కోలు మనిషి, కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఆ కుర్చీలో కూర్చుని నెల దాటిందంతే. ప్రయాణికుల పట్ల దయగా ఉండండి, అదనంగా కుర్చీలు వేయండి, నీళ్లు ఇవ్వండి, తిండి పెట్టండి అని విమానాశ్రయాలకీ సంస్థలకీ ఆదేశాలు వెళ్లాయి. కుర్చీలు వేశారు. నీళ్లు ఇచ్చారు. కానీ రోగం పేరు ఇక్కడ ఇంకా ఎవరికీ తెలియదు.

ఆస్టిన్‌లో అప్పటికే తెలిసింది. 10 గంటల 57 నిమిషాలకి, అంటే ఫైలు వదిలిన 78 నిమిషాలకి, దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇక కొత్తగా ఏ మెషీనూ పడదు. కానీ పడినవి పడ్డట్టే ఉన్నాయి. మంచి ఫైలు వెళ్లాలంటే మెషీన్ ఇంటర్నెట్‌లో ఉండాలి. ఇంటర్నెట్‌లోకి రావాలంటే మెషీన్ లేవాలి. లేవాలంటే ఆ చెడ్డ ఫైలు పోవాలి. అది లోపలుంది, తలుపు లోపలివైపు గడియ పడి ఉంది.

ఎన్ని మెషీన్లు? మైక్రోసాఫ్ట్ మర్నాడు లెక్క చెప్పింది. 85 లక్షలు.

సరిగ్గా ఆ గంటల్లోనే పడనివీ ఉన్నాయి. శంషాబాద్‌కి ఉత్తరాన, మూసీ ఒడ్డున, మదీనా సర్కిల్‌కి దగ్గర్లో తెలంగాణ హైకోర్టు ఉంది. ఎర్రరాయి, గులాబీ గ్రానైట్ కలిపి కట్టిన ఆ భవనం 1920 నుంచి అక్కడే నిలబడి ఉంది. నడిచి వెళ్లే దూరంలో పురానీ హవేలీ, అక్కడ సిటీ సివిల్ కోర్టు. దేశంలోని జిల్లా కోర్టుల కేసుల వివరాలన్నీ నడిపేది సీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్. ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే ఎన్‌ఐసీ పుణె కేంద్రం దాన్ని ఓపెన్ సోర్స్ పునాది మీద కట్టింది. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఏళ్ల కిందటే జడ్జీల ల్యాప్‌టాప్‌లకి ఉబుంటు లైనక్స్‌ని ఎంచుకుంది. 291 నంబరు ఫైలుకి ఉబుంటులో కాలు పెట్టే చోటే లేదు. అది విండోస్ కోసం రాసిన ఫైలు. ఆ మధ్యాహ్నం ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎన్‌ఐసీ నెట్‌వర్క్‌కి దెబ్బ తగల్లేదని ప్రకటించారు. నీలం తెరల రోజున అది చిన్న వార్తగా పోయింది. పోవాల్సింది కాదు.

ఉబుంటు వంశానికి మూలం యూనిక్స్. అది 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో పుట్టింది. దాని దారిలోనే 1991లో లైనక్స్ వచ్చింది. మ్యాక్‌దీ ఆ వంశమే. ఈ కుటుంబానికి ఒక పాత అలవాటు ఉంది. సర్వర్ ఎలా నడవాలో చెప్పే కాన్ఫిగరేషన్‌ను మామూలు అక్షరాల్లో రాసి, ఎక్కువగా ఈటీసీ అనే డైరెక్టరీలో పెడతారు. ఎవరైనా తెరిచి చదవొచ్చు. చిక్కల్లా ఇంటింటికీ ఒక తీరు ఉండటమే. ఒకే అపాచీ వెబ్ సర్వర్‌ని తీసుకోండి. లైనక్స్ రకాల్లో ఒకటైన రెడ్ హ్యాట్‌లో దాని ఫైలు ఈటీసీ కింద హెచ్‌టీటీపీడీ లోపల కాన్ఫ్‌లో ఉంటుంది. ఉబుంటు, డెబియన్లలో ఈటీసీ కింద అపాచీ2లో ఉంటుంది, పేరు కూడా మారిపోతుంది. ఫ్రీబీఎస్‌డీలో అసలు ఈటీసీలోనే ఉండదు, యూజర్ లోకల్ కింద ఇంకో ఈటీసీలో వెతకాలి. ఒకచోట నేర్చుకున్నవాడు ఇంకోచోట కూర్చుంటే తెర మీద మొదట కనిపించే మాట 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. ఫైలు పోయిందేమోనని గుండె జారుతుంది. పోదు. పక్క గదిలో ఉంటుంది. రాత్రుళ్లు సర్వర్ల దగ్గర కూర్చునే ప్రతి మనిషికీ ఆ వెతుకులాట తెలుసు. ఆ తేడాలను తిట్టుకోని వాళ్లు లేరు. కానీ జూలై 19న ఆ ఇళ్లను కాపాడింది ఆ తేడాలు కావు. ఆ ఫైలు విండోస్ తలుపు కోసమే రాసింది కావడం.

అలాగని లైనక్స్ మీద ఆ నీడ ఎప్పుడూ పడలేదని కాదు. ఆ ఏప్రిల్‌లోనే ఇదే కాపలా సాఫ్ట్‌వేర్ తమ డెబియన్ సర్వర్లన్నిటినీ ఒకేసారి పడగొట్టిందని అమెరికాలో వాటిని నడిపేవాళ్లు చెప్పారు. జూన్‌లో రెడ్ హ్యాట్ 9.4లో ఒక కొత్త కెర్నల్‌తో, అంటే సిస్టమ్ గుండెతో, బూట్ అయ్యాక ఫాల్కన్ వల్ల మెషీన్లు ఆగిపోతున్నాయని రెడ్ హ్యాట్ సంస్థే హెచ్చరిక రాసింది. రెండుసార్లు గంట మోగింది. వినపడాల్సినంత గట్టిగా ఎవరికీ వినపడలేదు.

జూలై 19 మధ్యాహ్నం. మక్కా మసీదులో జుమ్మా నమాజు అయిపోయింది. ఊళ్లో ఆఫీసుల్లో ఇంకో రకం నడక మొదలైంది. క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి జార్జ్ కర్ట్జ్ అప్పటికి నోరు విప్పాడు. ఇది దాడి కాదు, విండోస్‌కి పంపిన ఒక అప్‌డేట్‌లో లోపం, మ్యాక్‌కీ లైనక్స్‌కీ ఏమీ కాలేదు అని ఎక్స్‌లో రాశాడు. వైద్యం కూడా బయటికొచ్చింది. వినడానికి పిల్లాడు చేసే పనిలా ఉంది. మెషీన్‌ని సేఫ్ మోడ్‌లో లేపండి. విండోస్‌లో సిస్టమ్32, దానిలో డ్రైవర్స్, దానిలో క్రౌడ్‌స్ట్రైక్ అనే ఫోల్డర్‌కి వెళ్లండి. 291తో ఉన్న ఫైలును తీసేయండి. మళ్లీ స్టార్ట్ చేయండి. అంతే.

అంతే అయితే కథ ఇక్కడే ముగిసేది.

దూరం నుంచి చెయ్యడానికి లేదు. పడిపోయిన మెషీన్ నెట్‌వర్క్‌లో ఉండదు. కాబట్టి మనిషి నడవాలి. ప్రతి బల్ల దగ్గరికీ, ప్రతి సర్వర్ ర్యాక్ దగ్గరికీ, గోడకి వేలాడే ప్రతి తెర వెనక్కీ. వెళ్లి రికవరీ తెర లేపితే అది డిస్కు తాళం అడుగుతుంది. దాని పేరు బిట్‌లాకర్. దొంగలు డిస్కు ఎత్తుకుపోయినా చదవలేకుండా వేసిన తాళం. తాళం చెవి 48 అంకెలు. ఒక్క అంకె తప్పినా తెరుచుకోదు. మరి ఆ 48 అంకెలు రాసిపెట్టిన చోటు? కొన్ని సంస్థల్లో అదీ ఒక విండోస్ సర్వర్. అది కూడా నీలంగా మెరుస్తూ కూర్చుంది.

చెవి దొరికినవాళ్లకీ సుఖం లేదు. రికవరీలో బ్లాక్ స్క్రీన్ మీద ఆదేశం కొడితే ఫైలు దొరకదంటుంది. కళ్లు నులుముకుని మళ్లీ కొడితే మళ్లీ లేదంటుంది. నిలబడింది సి డ్రైవ్‌లో కాదు. రికవరీ తనకంటూ ఎక్స్ అనే డ్రైవ్ పెట్టుకుని అక్కడ నిలబెడుతుంది. అసలు విండోస్ సి అవ్వొచ్చు, డి అవ్వొచ్చు. వెతకాలి. తాళం లేని మెషీన్ల దగ్గర కొందరికి ఇంకో దారి ఉంది. లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి లేపి, విండోస్ డిస్కును పక్కన మౌంట్ చేసి, ఫైలును బయటి నుంచి తీసేయడం. అక్కడా ముళ్లున్నాయి. లైనక్స్‌కి పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం చిన్నదిగా కొడితే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. పేరు సరిగ్గా కొట్టినా, విండోస్ సగం నిద్రలో ఆగిపోయి ఉంటే డిస్కు చదవడానికే తెరుచుకుంటుంది, చెరపడానికి ఒప్పుకోదు. ఫైలు కళ్లముందే ఉంటుంది. చెయ్యి పడదు.

క్లౌడ్‌లోని మెషీన్లకైతే పెన్‌డ్రైవ్ గుచ్చే చోటే లేదు. వాటి కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సలహా చదివి అనుభవజ్ఞులు కూడా రెండోసారి చదివారు. రీస్టార్ట్ చేయండి. మళ్లీ చేయండి. కొందరికి 15 సార్లు కూడా పట్టింది. దాని వెనక లెక్క ఉంది. మెషీన్ లేచిన మొదటి క్షణాల్లో నెట్‌వర్క్ ముందు అందితే మంచి ఫైలు దిగిపోతుంది, ఆ చెడ్డ ఫైలే ముందు చదవబడితే పడిపోతుంది. పరుగు పందెం. ఎన్నిసార్లు పరుగెత్తిస్తే ఒకసారి గెలుస్తుందో ఎవరూ చెప్పలేరు.

సాయంత్రమైంది. మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ తన హెచ్చరికకి 'క్రిటికల్' అని ముద్ర వేసింది. 10 బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల్లో చిన్నపాటి అంతరాయాలు వచ్చాయని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ రోజు ప్రపంచంలో రద్దయిన విమానాలు 5 వేలు దాటాయి. హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి. క్రౌడ్‌స్ట్రైక్‌తో, పరిశ్రమతో కలిసి కస్టమర్లను గట్టెక్కించే పనిలో ఉన్నామని ఆయన రాశారు. శంషాబాద్‌లో ఇంకా పెన్నులు ఆగలేదు. చేతిరాత పాసులతో గేటు దగ్గరికి వెళ్లినవాళ్లు పదే పదే సీటు నంబరు చూసుకుంటున్నారు. సంతకం లాంటి ఆ గీతలో 7 ఉందా 1 ఉందా? పిల్లలు నేల మీద పరిచిన దుప్పట్ల మీద పడుకున్నారు. పాతబస్తీ నుంచి సాగనంపడానికి వచ్చినవాళ్లు వెనక్కి పోలేక, లోపలికి రాలేక బయటే నిలబడ్డారు.

"వెళ్లిపోయాడా?"

"లోపలున్నాడంట. ఫ్లైట్ ఉందో లేదో తెల్వదంట."

రాత్రి నడిచింది. తెల్లవారుజామున 3 గంటల నుంచి విమానాశ్రయాల్లో వ్యవస్థలు మామూలుగా పనిచేయడం మొదలుపెట్టాయని శనివారం పొద్దున రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. నిన్నటి బకాయి విమానాలు మెల్లగా కదులుతున్నాయి, మధ్యాహ్నానికి అంతా సర్దుకుంటుంది అన్నారు. ప్రింటర్లు మళ్లీ కిర్రుమన్నాయి. ఖాళీ కార్డుల కట్టలు అరల్లోకి వెళ్లాయి.

విమానాలు ఎగిరాయి. ప్రశ్న మాత్రం దిగలేదు. ప్రపంచంలోనే పేరున్న భద్రతా కంపెనీ, రోజూ ఇలాంటి ఫైళ్లు పంపే కంపెనీ, ఈ ఒక్కదాన్ని ఎలా వదిలింది?

సమాధానం ఆగస్టు 6న వచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ మూలకారణ నివేదికలో రెండు సంఖ్యలు ఉన్నాయి. 21, 20.

ఆ ఏడాది ఫిబ్రవరిలో క్రౌడ్‌స్ట్రైక్ ఒక కొత్త నమూనా తయారుచేసింది. విండోస్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారుల్లో చొరబాటుదార్లు దూరితే పట్టుకోవడానికి. నమూనాలో 21 గడులు ఉన్నాయని రాసుకున్నారు. మెషీన్‌లో ఉండే కోడ్ మాత్రం 20 గడులకే విలువలు అందిస్తుంది. 21వ గడి కాగితం మీద ఉంది, నేల మీద లేదు. మార్చిలో పరీక్షించారు. నెగ్గింది. ఆ తర్వాత ఏప్రిల్‌లో ఇంకొన్ని ఫైళ్లు వెళ్లాయి. ఏమీ కాలేదు. ఎందుకు కాలేదు? వాటన్నిటిలో 21వ గడిలో వైల్డ్‌కార్డ్ ఉంది. అంటే, ఏదైనా సరే, చూడక్కర్లేదు అని. చూడక్కర్లేదు కాబట్టి మెషీన్ అక్కడికి వెళ్లలేదు. గొయ్యి ఉంది, ఎవరూ అటు నడవలేదు. జూలై 19న పంపిన ఫైలు మొదటిసారి 21వ గడిలోకి తొంగి చూడమంది. పంపేముందు తనిఖీ చేసే ప్రోగ్రాముంది. అదీ 21 గడులున్నాయనే నమ్మింది. పాసు చేసింది.

మెషీన్ 21వ గడి కోసం చెయ్యి చాచింది. అక్కడ ఏమీ లేదు. తనది కాని మెమరీని చదవబోయింది. మామూలు ప్రోగ్రాము అయితే అదొక్కటే మూసుకుపోయేది. కానీ ఫాల్కన్ కూర్చున్నది కెర్నల్‌లో, విండోస్ గుండెలో. అక్కడ తప్పు జరిగితే మొత్తం సిస్టమ్‌ని ఆపేయడమే విండోస్‌కి తెలిసిన రక్షణ. మ్యాక్‌లో ఆపిల్ 2019 నుంచే బయటి కంపెనీలను కెర్నల్‌లోంచి మెల్లగా బయటికి పంపుతూ వచ్చింది. విండోస్ ఆ తలుపు తెరిచే ఉంచింది. అందుకే ఒక లేని గడి 85 లక్షల మెషీన్లను పడగొట్టగలిగింది.

ఇంకో తప్పు దీనికంటే మామూలుది, దీనికంటే క్షమించరానిది. ఫైలును ముందు వంద మెషీన్లకి పంపి చూడలేదు. ఒక ఊరికి పంపి గంట ఆగలేదు. అందరికీ ఒకేసారి పంపారు. కస్టమర్‌కి వద్దనే బటనే లేదు. శంషాబాద్ కౌంటర్లో చేతులు నొప్పెట్టేలా పేర్లు రాసినవాళ్లు, రాత్రంతా 48 అంకెలు కొట్టినవాళ్లు కట్టిన మూల్యం అదే.

జూలై 29 నాటికి విండోస్ మెషీన్లలో ఉండే తమ ఫాల్కన్ సెన్సర్లలో దాదాపు 99 శాతం తిరిగి లైన్లోకి వచ్చాయని క్రౌడ్‌స్ట్రైక్ చెప్పింది. పది రోజుల తర్వాత కూడా ఆ మిగిలిన శాతం కోసం ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని నడుస్తూనే ఉన్నారు. ఇకమీదట ఫైళ్లు అంచెలంచెలుగా వెళ్తాయని, ఎప్పుడు తీసుకోవాలో కస్టమరే నిర్ణయించుకోవచ్చని కంపెనీ మాట ఇచ్చింది. చదవబోయే ముందు ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టి చూసుకునే తనిఖీని కోడ్‌లో చేర్చింది కూడా. దాన్ని చేర్చిన తేదీ నివేదికలో ఉంది. జూలై 25.